కొత్త వెబ్‌సైట్‌కు జనాన్ని రప్పించడం: చిన్న వ్యాపారికి ఏ దారి నప్పుతుంది?

వెబ్‌సైట్ సిద్ధమైంది. డొమైన్ కొన్నారు, ఫోటోలు ఎక్కించారు, చుట్టాలకీ స్నేహితులకీ వాట్సాప్‌లో లింక్ పంపారు. మొదటి వారం కాస్త సందడిగా ఉంటుంది. తర్వాత రోజుకు ఇద్దరో ముగ్గురో వస్తారు. సరిగ్గా అప్పుడే సలహాలు మొదలవుతాయి. "నెలకు ఇంత కట్టండి, గూగుల్ మొదటి పేజీలో పెడతాం" అని ఒకరు ఫోన్ చేస్తారు. "రీల్స్ చేయకపోతే ఈ రోజుల్లో వ్యాపారమే లేదు" అని ఇంకొకరు అంటారు. "ఫేస్‌బుక్‌లో రెండు వేలు పెట్టి బూస్ట్ కొట్టు, చాలు" అని పక్క షాపాయన చెప్తాడు.

ఎవరి మాటా పూర్తిగా అబద్ధం కాదు. కానీ వీళ్ళెవరూ ముందు అడగని ప్రశ్న ఒకటుంది: మీ సరుకు కొనేవాళ్ళు అసలు ఎలా కొంటారు? మే నెలలో ఏసీ ఆగిపోయిన మనిషి, వరలక్ష్మీ వ్రతానికి చీర చూస్తున్న ఆవిడ, హాస్టల్లో ఉన్న కొడుక్కి గోంగూర పచ్చడి పంపాలనుకునే అమ్మ, ఈ ముగ్గురూ కొనే తీరు వేరు వేరు. ఆ తీరును బట్టే దారి ఎంచుకోవాలి. దారుల మధ్య ఖర్చులు పోల్చడం ఆ తర్వాతి పని.

కొనేవాళ్ళు మూడు రకాలు

మొదటి రకం, అవసరం పడి వెతికేవాళ్ళు. ఏసీ రిపేరు, మోటారు వైండింగ్, ప్యాకర్స్ అండ్ మూవర్స్, ల్యాబ్ టెస్టులు. వీళ్ళకు ఇవాళే కావాలి. ఫోన్ తీసి గూగుల్‌లోనో మ్యాప్స్‌లోనో వెతుకుతారు, పైన కనిపించిన ఇద్దరు ముగ్గురికి కాల్ చేస్తారు. ఎంత మంచి రీల్ చూసినా ఎవరూ చల్లగా ఉన్న ఏసీని రిపేరుకు ఇవ్వరు.

రెండో రకం, చూసి మనసు పడేవాళ్ళు. మంగళగిరి చీర, ఏటికొప్పాక బొమ్మలు, మగ్గం వర్క్ బ్లౌజులు. కొనాలనే ఆలోచన లేని మనిషికి కూడా చూశాక కొనాలనిపిస్తుంది. అసలు అలాంటిది ఒకటుందని తెలియనివాళ్ళు వెతకనే వెతకరు. కాబట్టి ఇక్కడ సెర్చ్ కంటే ఫోటో, వీడియో ఎక్కువ పని చేస్తాయి.

మూడో రకం, నమ్మకం కుదిరితే తప్ప కొననివాళ్ళు. పచ్చళ్ళు, పిండివంటలు, పసిపిల్లల ఉగ్గు పొడి, ట్యూషన్లు. ఎవరు చేశారో తెలియని తిండిని ఆన్‌లైన్‌లో చూసి వెంటనే కొనేవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు "బాగుంది" అంటే మాత్రం కిలో అడిగి కొంటారు, నచ్చితే మళ్ళీ మళ్ళీ కొంటారు.

చాలా వ్యాపారాలు రెండు రకాల్లో పడతాయి. అయినా ఏది ఎక్కువో మీకు తెలుస్తుంది. కిందటి నెల వచ్చిన పది ఆర్డర్లలో ఎందరు వెతుక్కుంటూ వచ్చారో, ఎందరు ఎవరో చెబితే వచ్చారో గుర్తు చేసుకుంటే చాలు.

డబ్బు పెట్టే ముందు మీ సైట్‌ను ఫోన్‌లో చూడండి

వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవండి. కెమెరాతో తీసిన ఫోటోలు అలాగే ఎక్కిస్తే ఒక్కొక్కటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. పేజీ తెరుచుకునేలోపు వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు. పచ్చళ్ళ సైటే అనుకుందాం. అర కిలో ఎంత, కిలో ఎంత స్పష్టంగా ఉందా? హైదరాబాద్‌కు కొరియర్ ఎంతో, బెంగళూరుకు ఎంతో చివరి పేజీ దాకా వెళ్ళకుండానే తెలుస్తోందా? ఏ నూనె వాడారు, వెల్లుల్లి వేశారా లేదా, ఎన్నాళ్ళు నిలవుంటుంది? 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఎఐ (ఆహార లైసెన్సు) నంబర్ కనిపిస్తోందా? ఫోన్ నంబర్ మీద నొక్కితే కాల్ వెళ్తోందా? యూపీఐ పని చేస్తోందా? ఇవి సరిగ్గా లేకుండా యాడ్స్‌కు డబ్బు పోయడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. ఈ పనికి పైసా ఖర్చు కాదు, రెండు రోజులు కూర్చుంటే అయిపోతుంది.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

మొదటి రకం వ్యాపారాలకు వెబ్‌సైట్ కంటే కూడా ఇదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. పూర్తిగా ఉచితం. 2021 దాకా దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు, ఇప్పటికీ చాలామంది ఆ పేరే వాడతారు. "దగ్గర్లో ఏసీ మెకానిక్" అని వెతికితే మ్యాప్‌తో పాటు పైన కనిపించే షాపుల పేర్లు ఇక్కడి నుంచి వచ్చేవే. ఫోన్ నంబర్, పని వేళలు, ఫోటోలు, రివ్యూలు, వెబ్‌సైట్ లింక్ అన్నీ ఒకచోట ఉంటాయి.

వెరిఫికేషన్‌కు వీడియో అడగవచ్చు. షాపు బోర్డు, వీధి, లోపల మీరు వాడే పనిముట్లు ఆపకుండా ఒకే వీడియోలో చూపించాలి. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు, కస్టమర్ ఇంటికే వెళ్ళి పని చేసేవాళ్ళు తమ అడ్రస్ దాచిపెట్టి, ఏయే ప్రాంతాలకు వస్తారో మాత్రం చూపించుకోవచ్చు. ఒక షరతు మాత్రం చాలామందికి తెలియదు: కస్టమర్‌ను నేరుగా కలవని, కేవలం ఆన్‌లైన్‌లోనే అమ్మే వ్యాపారాలకు ఈ ప్రొఫైల్ ఇవ్వరు. ఇంట్లో పచ్చళ్ళు పెట్టి కొరియర్‌లో మాత్రమే పంపితే మీకు అర్హత లేదు. ఊళ్ళోవాళ్ళు వచ్చి తీసుకెళ్ళే వీలుంటేనో, మీరే ఊళ్ళో డెలివరీ ఇస్తుంటేనో పెట్టుకోవచ్చు.

పేరు దగ్గర ఆశపడకండి. బోర్డు మీద ఏ పేరుందో అదే రాయాలి. షాపు పేరు పక్కన "విజయవాడలో బెస్ట్ ఏసీ రిపేర్, తక్కువ ధర" అని తగిలిస్తే కొన్నాళ్ళు పైన కనిపించవచ్చు, ఎవరైనా రిపోర్ట్ చేస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. రివ్యూలూ అంతే. డిస్కౌంట్ ఇచ్చి రాయించుకోవడం గూగుల్ నియమాలకు విరుద్ధం. పని అయిపోయి కస్టమర్ సంతోషంగా ఉన్నప్పుడు, అక్కడే నిలబడి "అన్నా, ఒక రివ్యూ రాయరా" అని లింక్ పంపడమే సరైన పద్ధతి. చెడ్డ రివ్యూ వస్తే వాదన పెట్టుకోకుండా, ఏం జరిగిందో, ఏం సరిచేశారో రెండు వాక్యాల్లో జవాబివ్వండి. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ రివ్యూ కంటే మీ జవాబునే జాగ్రత్తగా చదువుతారు.

ఎస్ఈఓ, గూగుల్ యాడ్స్: రెండింటికీ చోటు గూగుల్‌లోనే, లెక్క మాత్రం వేరు

ఎస్ఈఓ అంటే డబ్బు కట్టకుండా సెర్చ్‌లో కనిపించడం. దీనికి కావలసింది ఓపిక. నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్ళే చెప్పారు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగుల్ తన సలహాల్లో రాసిపెట్టింది. కాబట్టి నెల రోజుల్లో ఫస్ట్ పేజీ అని ఫోన్ చేసినవాళ్ళకు అక్కడే సెలవు చెప్పేయవచ్చు.

సైట్ మొదలుపెట్టిన రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేసి, సైట్‌మ్యాప్ (మీ పేజీలన్నిటి జాబితా) ఇవ్వండి. ఇదీ ఉచితమే. జనం ఏ మాటలు టైప్ చేస్తే మీ పేజీ కనిపించిందో అది చూపిస్తుంది. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, కొందరు తెలుగు లిపిలో, ఇంకొందరు మైక్ నొక్కి మాట్లాడి వెతుకుతారు. అందుకే పేజీలో సరుకు పేరు తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ఉండాలి. అన్ని పచ్చళ్ళూ ఒకే పేజీలో వరసగా పెట్టడం కూడా మానేయండి. మాగాయకు ఒక పేజీ, పెసర ఆవకాయకు ఒక పేజీ, పండుమిర్చి పచ్చడికి ఒక పేజీ ఉండాలి. "ఆవకాయ" అనే ఒక్క మాట మీద పెద్ద వంటల సైట్లతో, యూట్యూబ్ చానళ్ళతో కొత్త సైట్ పోటీ పడలేదు. "బెల్లం ఆవకాయ హైదరాబాద్ డెలివరీ" లాంటి చోట పోటీ బాగా తక్కువ, వెతికేవాళ్ళు నిజంగా కొనేవాళ్ళు.

గూగుల్ యాడ్స్‌లో ఇవాళ డబ్బు పెడితే ఇవాళే జనం వస్తారు. క్లిక్కు లెక్కన డబ్బు పోతుంది. అది వేలం పద్ధతి కాబట్టి మీ ఊళ్ళో, మీ వ్యాపారంలో ఎంత మంది పోటీ ఉన్నారో దాన్ని బట్టి రేటు మారుతుంది. ఇక్కడ డబ్బు ఎలా కారిపోతుందో ఒకటి దగ్గరగా చూపిస్తాను.

పచ్చళ్ళ సైట్‌కు "ఆవకాయ" అని కీవర్డ్ (ఏ మాట వెతికితే యాడ్ కనిపించాలో ఆ మాట) పెట్టి, మ్యాచ్ టైప్‌ను బ్రాడ్‌లో, అంటే దానికి సంబంధమున్న వెతుకులాటలన్నిటికీ యాడ్ కనిపించేలా వదిలేశారు. వారం తర్వాత, జనం నిజంగా ఏం టైప్ చేశారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిస్తే ఇలా ఉంటుంది: ఆవకాయ తయారీ విధానం, కిలో మామిడికాయలకు కారం ఎంత, ఆవకాయ బూజు పడితే ఏం చేయాలి, ఆవకాయ అన్నం ఫోటోలు. క్లిక్ చేసిన ప్రతి ఒక్కరికీ మీరు డబ్బు కట్టారు. వాళ్ళు మాత్రం ఇంట్లో పచ్చడి పెట్టుకునేవాళ్ళు, మీ దగ్గర కొనరు. ఏప్రిల్, మే నెలల్లో ఊరంతా ఆవకాయ పెట్టే రోజుల్లో ఈ నష్టం ఇంకా ఎక్కువ. అందుకే "తయారీ", "విధానం", "రెసిపీ", "ఎలా", "ఫోటోలు" వంటి మాటల్ని తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ నెగటివ్ కీవర్డ్స్‌గా, అంటే వాటికి యాడ్ చూపించొద్దని పెట్టాలి. మ్యాచ్ టైప్‌ను ఇంకా బిగువుగా ఉండే ఫ్రేజ్‌కో ఎగ్జాక్ట్‌కో మార్చాలి. మొదటి నెలలో ఈ రిపోర్టును రెండు రోజులకోసారి చూడని మనిషి గూగుల్ యాడ్స్ జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఇంకో మూడు సెట్టింగులున్నాయి. లొకేషన్ దగ్గర మొదట ఉండే ఎంపిక వల్ల మీ ఊళ్ళో ఉన్నవాళ్ళకే కాక, మీ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్ళకు కూడా యాడ్ కనిపిస్తుంది. ఢిల్లీలో కూర్చుని గుంటూరు గురించి వెతికిన మనిషి ఏసీ మెకానిక్‌కు ఎందుకు? దాన్ని "ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళు" అనే దానికి మార్చండి. సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్‌కు (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించే ఎంపికకు) టిక్ ఉంటే తీసేయండి. రోజు బడ్జెట్ 300 అని పెట్టినా ఒక్కోరోజు దానికి రెట్టింపు దాకా ఖర్చు కావచ్చు, నెల మొత్తం మీద మాత్రం 30.4 రోజుల లెక్క దాటదు. మొదటి రోజే 600 పోయిందని టెన్షన్ పడకండి. ముందుగా డబ్బు వేసే పద్ధతిలో 18 శాతం జీఎస్టీ అందులోంచే పోతుంది, 1,000 వేస్తే యాడ్‌కు మిగిలేది దాదాపు 847.

ఇప్పుడు లెక్క. క్లిక్కుకు 10 రూపాయలు అనుకుందాం, వంద మంది వస్తే ఇద్దరు కొన్నారు అనుకుందాం. ఒక్కో ఆర్డర్‌కు 500 ఖర్చయింది. అర కిలో గోంగూర మీద మీకు మిగిలేది 120 అయితే ప్రతి ఆర్డర్‌కు 380 పోయినట్టే. అదే, ఆరు రకాలు కలిపిన మూడు కిలోల బాక్స్ మీద 800 మిగిలితే యాడ్ గిట్టుతుంది. ఏసీ రిపేరుకు క్లిక్కు రేటు ఎక్కువే ఉన్నా ఒక్క కాల్ వెయ్యి, రెండు వేల పనిగా మారుతుంది కాబట్టి అక్కడ తరచూ గిట్టుబాటవుతుంది. మీ అంకెలు వేసి ఈ లెక్క కాగితం మీద చేయండి. గిట్టకపోతే గూగుల్ యాడ్స్ మీ దారి కాదు, మొహమాటపడాల్సిన పని లేదు.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్

రెండో రకం వ్యాపారాలకు ఇల్లు ఇదే. చీర మడతపెట్టి తీసిన ఫోటో కంటే, పగటి వెలుతురులో కొంగు పరిచి, జరీ అంచు దగ్గరగా చూపిస్తూ, నేసిన మగ్గాన్ని ఒక్కసారి చూపించిన అర నిమిషం వీడియో ఎక్కువ అమ్ముతుంది. ధర చెప్పండి. "ప్రైస్ ఇన్‌బాక్స్" అనే అలవాటు కొనేవాళ్ళను దూరం చేస్తుంది, కామెంట్లు పెరిగితే పెరగవచ్చు గానీ ఆర్డర్లు పెరగవు. ఆషాఢం సేల్స్, శ్రావణ మాసం, దసరా, సంక్రాంతి, పెళ్ళి ముహూర్తాలు, మన కొనుగోళ్ళన్నీ వీటి చుట్టూ తిరుగుతాయి. వ్రతానికి మూడు నాలుగు వారాల ముందు వేసిన వీడియోకు విలువ ఉంటుంది, వ్రతం రోజు వేసినదానికి శుభాకాంక్షలు మాత్రమే వస్తాయి.

మీ లక్ష్యం వెబ్‌సైట్‌కు రప్పించడమైతే ఒక చిక్కు ఉంది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద రాసిన లింక్ నొక్కితే పని చేయదు. బయోలో, స్టోరీ స్టిక్కర్‌లో పెట్టిన లింకులే పని చేస్తాయి. యూట్యూబ్ షార్ట్స్ కింద రాసే లింకులు కూడా 2023 ఆగస్టు చివరి నుంచి నొక్కడానికి పనికిరావు. లక్ష వ్యూస్ వచ్చినా సైట్‌కు యాభై మంది రాకపోవడానికి ఇదొక కారణం. కాబట్టి వ్యూస్ చూసి పొంగిపోకండి.

బూస్ట్ బటనా (పోస్టు దగ్గరే నొక్కి డబ్బు కట్టేది), యాడ్స్ మేనేజరా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌ను విడిగా నడిపే చోటు) అంటే, నా ఓటు యాడ్స్ మేనేజర్‌కే. బూస్ట్ సులువు, కానీ తొందరలో నొక్కినవాళ్ళకు దానివల్ల ఎక్కువగా దక్కేది లైకులూ ప్రొఫైల్ చూసినవాళ్ళూ. యాడ్స్ మేనేజర్‌లో ఏం కావాలో మీరే చెప్పవచ్చు: సైట్‌కు రావాలా, కొనాలా, వాట్సాప్‌లో మెసేజ్ చేయాలా. చీరలకు, పచ్చళ్ళకు చివరిది బాగా పని చేస్తుంది, ఎందుకంటే మనవాళ్ళకు కొనేముందు ఒక మాట మాట్లాడాలని ఉంటుంది. అప్పుడు మాటలు వాట్సాప్‌లో జరిగినా, డబ్బు కట్టే లింక్ సైట్‌లోది పంపండి.

ఫుడ్ పేజీలవాళ్ళతో, ఇన్‌ఫ్లుయెన్సర్లతో చేయించుకోవాలనుకుంటే ఫాలోయర్ల సంఖ్య అడగకండి. వాళ్ళ ఇన్‌సైట్స్‌లో (ఎవరు చూశారో యాప్ చూపే లెక్కల్లో) ఏ ఊళ్ళవాళ్ళు చూస్తున్నారో స్క్రీన్‌షాట్ అడగండి. మీ జిల్లావాళ్ళు ఎక్కువగా చూసే చిన్న పేజీ, దేశమంతా చూసే పెద్ద పేజీ కంటే మేలు. డబ్బో సరుకో ఇచ్చి చేయించిన వీడియో మీద అది ప్రకటన అని రాయాలని ప్రకటనల స్వయం నియంత్రణ సంస్థ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలా రాయడం వల్ల నమ్మకం తగ్గదు.

వాట్సాప్

మూడో రకానికి దీన్ని మించింది లేదు. బిజినెస్ యాప్ ఉచితం, కేటలాగ్‌లో 500 సరుకుల దాకా పెట్టుకోవచ్చు, ప్రతిదానికీ మీ సైట్ పేజీ లింక్ ఇవ్వవచ్చు. బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు (ఒకే మెసేజ్‌ను ఒకేసారి అందరికీ విడివిడిగా పంపే జాబితాకు) 256 మంది పరిమితి ఉంది, అందులోనూ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. అందుకే ప్రతి పార్శిల్‌లో ఒక చిన్న కార్డు వేయండి: "మా నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త మాగాయ రాగానే మీకు ముందు చెప్తాం." దాని మీద సైట్ క్యూఆర్ కోడ్ ఉండాలి. కొన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పడానికి ఆ కార్డే పనికొస్తుంది. ఎక్కడో కొన్న నంబర్ల జాబితాకు, బల్క్ సాఫ్ట్‌వేర్‌తో మెసేజ్‌లు కొట్టే పని మాత్రం వద్దు. నంబర్ బ్లాక్ అయితే పాత కస్టమర్లు కూడా చేజారిపోతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు అమ్మేవాళ్ళకు కూడా అక్కడి అపార్ట్‌మెంట్ల, ఊళ్ళ వాట్సాప్ గ్రూపులే పెద్ద దారి. అయితే 800 డాలర్లలోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. అక్కడివాళ్ళకు యాడ్ చూపించే ముందు సుంకం ఎవరు కడతారో సైట్‌లో రాసిపెట్టండి.

కరపత్రాలు, డైరెక్టరీలు

పేపర్ ఏజెంటుతో మాట్లాడి పేపర్లలో పెట్టించే పాంప్లెట్, ఒక కాలనీకో నాలుగు వీధులకో పరిమితమైన వ్యాపారానికి ఇప్పటికీ పని చేస్తుంది: ట్యూషన్లు, టిఫిన్ సప్లై, వాటర్ ప్లాంట్. రాష్ట్రమంతా కొరియర్ చేసేవాళ్ళకు దండగ. జస్ట్‌డయల్, ఇండియామార్ట్ లాంటి వాటిలో ఉచిత లిస్టింగ్ తప్పకుండా పెట్టండి, హోల్‌సేల్ అమ్మేవాళ్ళకు ఇండియామార్ట్ బాగా పనికొస్తుంది. డబ్బు కట్టే ప్యాకేజీ తీసుకునేముందు మాత్రం ఉచిత లిస్టింగ్‌లో మూడు నెలల్లో ఎన్ని కాల్స్ వచ్చాయో చూసుకోండి.

మరి ఏది ఎంచుకోవాలి?

నెలకు ఖర్చు పెట్టడానికి ఏమీ లేకపోతే: అర్హత ఉంటే గూగుల్ ప్రొఫైల్, వాట్సాప్ కేటలాగ్, సెర్చ్ కన్సోల్. వారానికి ఒక సరుకుకు మంచి పేజీ. ఇంతే చేయండి. అన్ని చోట్లా అకౌంట్లు తెరిచి అన్నింటినీ ఎండబెట్టడం కంటే ఇది ఎంతో నయం.

నెలకు ఐదు వేలుంటే ఒక్క దారిలోనే పెట్టండి. అవసరం పడి వెతికే వ్యాపారమైతే గూగుల్ సెర్చ్ యాడ్స్, ఊరికి పది కిలోమీటర్ల లోపు. చూసి మనసు పడే సరుకైతే వాట్సాప్‌కు తీసుకొచ్చే ఇన్‌స్టాగ్రామ్ యాడ్, పండక్కి నెల ముందు. నమ్మకం మీద నడిచేదైతే ఆ ఐదు వేలూ యాడ్స్‌కు కాదు, చిన్న శాంపిల్ ప్యాకెట్లకు పెట్టమంటాను. ప్రతి ఆర్డర్‌లో అడగని పచ్చడి 50 గ్రాములు వేసి పంపితే, వచ్చే ఆర్డర్ ఏమిటో అదే నిర్ణయిస్తుంది.

నెలకు ఇరవై వేలు దాటితే రెండు దారులు పక్కపక్కన నడపవచ్చు. అప్పుడు ఏది పని చేస్తోందో తెలియాలి. ఒక్కో చోటుకు ఒక్కో కూపన్ కోడ్ ఇవ్వండి: ఇన్‌స్టాలో ఒకటి, పార్శిల్ కార్డు మీద ఇంకొకటి, గూగుల్ యాడ్‌లో మరొకటి. ఆర్డర్ ఫారంలో "మా గురించి ఎక్కడ తెలిసింది?" అని ఒక గడి పెట్టండి. గూగుల్ అనలిటిక్స్ చూడటం వస్తే మంచిదే, రాకపోయినా ఈ రెండూ చాలు. మూడు నెలల తర్వాత ఆర్డర్‌కు ఎంత ఖర్చయిందో దారివారీగా రాసుకుని, ఎక్కువ పడినదాన్ని ఆపేయండి. మూడు నెలల గడువు యాడ్స్‌కే, ఎస్ఈఓకు కాదు.

ఏజెన్సీకి అప్పగించే పక్షంలో, ఫీజు బేరం కంటే ముందు అకౌంట్ల సంగతి తేల్చుకోండి. డొమైన్, గూగుల్ ప్రొఫైల్, యాడ్స్ అకౌంట్, ఫేస్‌బుక్ పేజీ అన్నీ మీ ఈమెయిల్ మీద, మీ ఫోన్ నంబర్‌తో ఉండాలి. ఏజెన్సీకి మేనేజర్ యాక్సెస్ మాత్రమే ఇవ్వాలి, పాస్‌వర్డ్ కాదు. యాడ్ డబ్బు మీ కార్డు నుంచే నేరుగా కట్టాలి, వాళ్ళ ఫీజు వేరే బిల్లుగా రావాలి. దీనికి ఒప్పుకోని ఏజెన్సీతో ఒప్పందం చేసుకోకండి. వాళ్ళతో మాట తేడా వచ్చిన రోజున మూడేళ్ళ రివ్యూలూ, పేజీ ఫాలోయర్లూ వాళ్ళ దగ్గరే ఉండిపోతే, వెబ్‌సైట్ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.